జంటలు మార్చిన వారం

4వ తేదీ, మంగళవారం

నువ్వే చంపావు. అవును, నిన్నే. ఈ కాగితాలు తిరగేస్తున్న నిన్నే. ఆ రోజు నేనక్కడ లేనంటావు. నేనూ లేను. కానీ ఎప్పుడో ఒకప్పుడు, ఏదో ఒక ఆఫీసులో, ఫ్యాను కింద కూర్చుని ఒక మనిషి మీద ఫారం నింపే ఉంటావు. అయిదుకి రెండు వేసి ఉంటావు. రెండే ఎందుకని ఎవరూ అడగలేదు, నిన్ను నువ్వూ ప్రశ్నించుకోలేదు. సంతకం గీకి టీకి వెళ్ళిపోయావు. అలాంటి సంతకాలు లక్ష పోగైతే ఒక మనిషి పరంజా మీంచి పడతాడు.

ఇప్పుడు నా వంతు. నా బల్ల మీదా ఒక ఫారం ఉంది. "జట్టు నిర్మాణం పట్ల ప్రాజెక్టు మేనేజరు వైఖరి: అంచనా పత్రం." ఇరవై నాలుగు ప్రశ్నలు. ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు వరకు మార్కులు. చావు అన్న మాట ఇరవై నాలుగింటిలో ఎక్కడా లేదు. వెతికాను. రెండుసార్లు.

పెద్దబావ పోయి పదమూడు రోజులు. కొత్త ఆసుపత్రి భవనంలో లిఫ్టు బిగిస్తూ నాలుగో అంతస్తు నుంచి, లిఫ్టు నడిచే నిలువు షాఫ్టులో పడ్డాడు. బెల్టు ఒంటి మీదే ఉంది. బెల్టు కొక్కెం తాడుకి తగిలించి లేదు. అంతే జరిగింది. అంతకంటే ఏమీ జరగలేదు.

ఎనిమిది మంది పనివాళ్ళు, నాలుగు జంటలు. పదకొండేళ్ళుగా పెద్దబావకి జంట చిన్నబావ. వాళ్ళకి చుట్టరికమేమీ లేదు. మొదటి రోజు ఒకణ్ణొకడు బావా అనుకున్నారు, అదే పేరైపోయింది. ఆ సోమవారం మేనేజరు జంటలన్నీ మార్చేసింది. బుధవారం పెద్దబావ పడ్డాడు.

మేనేజరు అంటే మన రసమట్టమే. సంచీలో ఎప్పుడూ వాలు చూసే రసమట్టం పెట్టుకు తిరిగేది, టీ బల్ల వంకరగా ఉన్నా తీసి దాని మీద పెట్టేది, అందుకని ఆ పేరు. పన్నెండేళ్ళ కింద డ్రాయింగులు గీసే పిల్లగా వచ్చింది. యూనియన్ గదిలో నా పక్కన కూర్చుని నేర్చుకుంది. ఇప్పుడు ఆ పిల్లకి మార్కులు వెయ్యమంటున్నారు. ముగ్గురి కమిటీలో కార్మికుల తరపు మనిషిని నేనట. పందొమ్మిదేళ్ళుగా యూనియన్ కార్యదర్శిగా ఉన్నందుకు దక్కిన గౌరవం.

బాగా నడుస్తున్న జంటల్ని విడగొట్టాలన్న బుద్ధి ఆ పిల్లకి ఎలా పుట్టిందో నాకు తెలియదు.

5వ తేదీ

ఫారం ముట్టుకోలేదు. ఉతికిన బట్టలు మళ్ళీ ఉతికాను.

6వ తేదీ, గురువారం

కమిటీ మొదటి సమావేశం. మానవ వనరుల ఆఫీసరు వచ్చాడు. పనివాళ్ళు అతనికి నవ్వుల ఆఫీసరని పేరు పెట్టారు. మనిషిని తీసేసే కాగితం ఇచ్చేటప్పుడు కూడా ఆ నవ్వు చెదరదు. ఇంకొకాయన ప్రధాన కార్యాలయం నుంచి వచ్చిన ఇంజనీరు. ఆయన బల్లకేసి తప్ప ఎవరికేసీ చూడడు.

"ఇది విచారణ కాదు మేడమ్. ఎవర్నీ తప్పుపట్టడం మన ఉద్దేశం కాదు. వైఖరి కొలుస్తున్నాం, అంతే" అన్నాడు నవ్వుల ఆఫీసరు.

"దేంతో కొలుస్తారు? టేపు తెచ్చారా?"

ఇంజనీరు బల్లకేసి చూసి నవ్వాడు.

తొమ్మిదో ప్రశ్న: కంపెనీ నిర్వహించే జట్టు నిర్మాణ కార్యక్రమాల్లో మేనేజరు పాల్గొన్న తీరు. నవ్వుల ఆఫీసరు సున్నా వెయ్యబోయి, సున్నాకి గడి లేదు గనక ఒకటి వేశాడు. పోయిన ఏడాది పనివాళ్ళ చేత బుడగలు ఊదించి, వాటిని కాళ్ళ మధ్య పెట్టుకుని పరిగెత్తించే కార్యక్రమం పెట్టారు. మన పిల్ల తన వాళ్ళని పంపలేదు. ఆ పూట సెలవిచ్చి ఇళ్ళకెళ్ళి పడుకోమంది. నా లెక్కలో ఆ నిద్రే జట్టు నిర్మాణం. అదే అన్నాను. "పాయింటు నోట్ చేసుకున్నాం" అన్నాడు. పెన్ను అప్పటికే జేబులో పెట్టేశాడు.

తర్వాత రేడియోని పిలిచారు. మార్చిన జంటల్లో పెద్దబావకి వచ్చిన కొత్త జోడీ అతనే. నోరు మూతపడదు కాబట్టి రేడియో.

"రెండ్రోజులు కిందే పని మేడమ్. పట్టాలు దించుకోడం, బోల్టులు ఏరుకోడం. మూడో రోజే పైకెక్కడం. బెల్టు వేసుకున్నాడు, నేను చూశా. తాడు దగ్గరికొచ్చాక చెయ్యి ఇలా, కొంచెం ఎత్తి నిలబడ్డాడు."

"ఎందుకు?"

"తెలీదు. ఒళ్ళు విరుచుకుంటున్నాడేమో అనుకున్నా. ఒక్క క్షణమే. నా వంక చూశాడు. నేను నవ్వా. ఆయనా నవ్వి ఎక్కేశాడు."

"కొక్కెం తగిలించాడో లేదో చూడవా?"

"ముప్ఫై ఏళ్ళు షాఫ్టుల్లో పడి లేచిన మనిషి. కొక్కెం పెట్టుకున్నావా అని నేనడిగితే తాతకి దగ్గులు నేర్పినట్టుండదా మేడమ్? తిడతాడనుకున్నా. తిట్టినా బావుండేది."



అతను వెళ్ళగానే నవ్వుల ఆఫీసరు పన్నెండో ప్రశ్నకి ఒకటి వేశాడు. "కొత్త జంటలకు తగిన పరిచయం కల్పించుట. చూశారా మేడమ్, ఫారం ఎంత పనికొస్తోందో."

నేనేమీ వెయ్యలేదు. జంటలు మార్చమని ఆ పిల్లకి ఎవరు చెప్పారో కనుక్కున్నాక వేస్తానన్నాను. నిజంగా అలాగే అన్నాను. గొంతు వణకలేదు కూడా.

8వ తేదీ, శనివారం

చిన్నబావ గదికి వెళ్ళాను. కుర్చీ లేదు. బకెట్టు బోర్లించి కూర్చోమన్నాడు. గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాడు. పలకరింపులేమీ లేకుండా మొదలుపెట్టాడు.

"పెద్దబావకి కుడి చేతి రెండు వేళ్ళు చచ్చిపోయినై అక్కా. మోటారు తాడు కింద నలిగినప్పట్నుంచి."

"మానిందని చెప్పాడుగా."

"పుండు మానింది."

నాలుగేళ్ళు. చొక్కా గుండీలు పెద్దబావకి వాళ్ళావిడ పెట్టేదట. బెల్టు కొక్కెం చిన్నబావ పెట్టేవాడట. దాని స్ప్రింగు గట్టిది, బొటనవేలితో పాటు ఆ రెండు వేళ్ళతోనే నొక్కాలి.

"ఆయన చెయ్యి ఎత్తేవాడు, నేను టక్కున తగిలించేవాణ్ణి. రోజుకి పదిసార్లు. మధ్యలో మాటే ఉండేది కాదు. ఏదో వేరే సంగతి చెప్పుకుంటూనే ఉండేవాళ్ళం."

నేను నోరు తెరిచేలోపు అతనే అన్నాడు.

"ఆ రోజూ ఎత్తాడటగా. రేడియో వచ్చి ఇక్కడే కూర్చుని ఏడ్చి పోయాడు. నా కోసం ఎత్తాడక్కా ఆ చెయ్యి. నేనేమో ఆరో అంతస్తులో ఇంకెవడితోనో ఉన్నా."

జంటలు మార్చిన రోజు ఎందుకు ఊరుకున్నావని అడిగాను. పోట్లాటకి అడిగినట్టే అడిగాను, నాకు ఇంకో రకంగా అడగడం రాదు.

"ఊరుకోలేదు. రేడియోకి చెప్పేస్తా అన్నా. వాడికి చెప్తే ఊరికి చాటింపు వేసినట్టేరా, ఎడం చేత్తో నేనే పెట్టుకుంటాలే అన్నాడు. ఇంట్లో కూర్చుని సాధన కూడా చేశాడట, వాళ్ళావిడ చెప్పింది. పెట్టుకోడం వచ్చేసింది. బుర్రకి గుర్తుంది. చేతికి లేదు."

"మేనేజరుకి చెప్పాల్సింది."

"చెప్తే ఆమె రాయాలి. రాస్తే వైద్య పరీక్ష. పరీక్ష తప్పితే గేటు బయట. ఆమెని ఇరకాటంలో పెట్టడం ఎందుకని."

"నాకు చెప్పొచ్చుగా? నేను చచ్చానా?"

చిన్నబావ నా వంక చూశాడు. తిట్టబోయి మానుకున్నవాడిలా చూశాడు.

"వచ్చాంగా అక్కా. ఇద్దరం. జంటల మీద మాట్లాడావే, ఆ మీటింగుకి. అయ్యాక నీతో చెప్దామని వెనక నిలబడ్డాం. నువ్వు..." ఆగిపోయాడు.

"చెప్పు."

"ఒకళ్ళ లోపాలు ఒకళ్ళు కప్పుకుంటూ పబ్బం గడుపుకునే జంటలు అన్నావు. పెద్దబావ నా భుజం తట్టి, పదరా బావా, మన గురించే చెప్తోంది అన్నాడు. నవ్వుతూనే అన్నాడులే. చప్పట్లు కొట్టి వచ్చేశాం."

9వ తేదీ

చప్పట్లు కొట్టి వచ్చేశారు.

10వ తేదీ, సోమవారం

సరే. రాస్తున్నాను.

జంటలు మార్చాలన్న ఆలోచన నాది. రెండేళ్ళ కింద నేను రాసిన కరపత్రం, "జంటల పెత్తనం", నాలుగు పేజీలు. "తొమ్మిదేళ్ళు అవే రెండు మొహాలు ఒకే పని మీద ఉంటే దాన్ని స్నేహం అనరు, గుత్తాధిపత్యం అంటారు." ఈ వాక్యానికి నేనెంత మురిసిపోయానో నాకు గుర్తుంది. అచ్చువేసేవాడు "భలే ఉంది మేడమ్" అంటే ఇంకో రెండు వందల కాపీలు వేయించాను. వారం రోజులుగా ఈ పుస్తకంలో నాకు తెలియదని రాస్తున్నది నేనే. నా డైరీకి నేనే అబద్ధం చెప్పుకున్నాను. వేరేవాళ్ళెవరైనా ఈ పని చేస్తే చీల్చి చెండాడి ఉండేదాన్ని.

కరపత్రం అబద్ధమా? కాదు. ఆ ముక్క కూడా రాయాలి, ఎందుకంటే కన్నీళ్ళు పెట్టుకుని రాసిందంతా నిజం కాదు. నాలుగు జంటల్లో రెండింటికే మంచి పని దొరికేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆర్నెల్లు చీపురు పట్టుకు నిలబడేవాళ్ళు. వెల్డింగు చేసే ఆవిడని జంటగా తీసుకోవడానికి ఒక్క మగాడూ ముందుకు రాలేదు. ఇవన్నీ జరిగాయి. వీటి మీద మాట్లాడాల్సిందే.

కానీ వాళ్ళు ఒకళ్ళ లోపాన్ని ఒకళ్ళు ఎందుకు కప్పుకుంటున్నారని నేను అడగలేదు. లోపం బయటపడితే ఉద్యోగం పోతుంది కాబట్టి. ఆ నిబంధన కంపెనీది. దాని మీద నాలుగు పేజీలు రాయాల్సింది పోయి, దాన్ని తప్పించుకు బతుకుతున్న ఇద్దరి మీద రాశాను. పులిని వదిలేసి, పులికి భయపడి చెట్టెక్కినవాళ్ళని రాళ్ళతో కొట్టాను.

ఆ జంట కన్నా గట్టి జట్టుని నేను జన్మలో చూడలేదు. ఒకడి చెయ్యి ఇంకొకడికి ఉండేది.

11వ తేదీ, మంగళవారం

సైటు ఆఫీసుకి వెళ్ళాను. రేకుల గది. గోడ మీద పనుల పట్టిక, దాని మీద పేర్ల చీటీలు అతికించి ఉన్నాయి. పెద్దబావ చీటీ ఇంకా రేడియో చీటీ పక్కనే ఉంది. రసమట్టం కుర్చీలో లేదు, కింద కూర్చుని డ్రాయింగులు చుట్టి రబ్బరు బ్యాండ్లు వేస్తోంది. తన ఉద్యోగం పోతుందని ఆ పిల్లకి తెలుసు.

"కరపత్రం సంగతి కమిటీకి ఎందుకు చెప్పలేదు?" అన్నాను గుమ్మంలోంచే.

"తిన్నావా అక్కా?"

"అడిగిందానికి చెప్పు."

"చెప్తే ఏమొస్తుంది? యూనియన్ చెప్పిందే చేశాం, మనిషి పోయాడు అని వాళ్ళు గోడలకి అంటిస్తారు. రేపట్నించి నువ్వు నోరెత్తితే ఆ కాగితం చూపిస్తారు. తప్పు నా మీద పడితే ఒక్కదాని ఉద్యోగమే పోతుంది."

"త్యాగమా? నిన్నెవరడిగారు త్యాగం? నీ త్యాగం కింద నేను నలిగి చావనా?"

అరిచాను. బయట ఎవరో సుత్తి దెబ్బలు ఆపారు. ఆ పిల్ల డ్రాయింగు పక్కన పెట్టి లేచింది. పన్నెండేళ్ళలో నా మీద గొంతు పెంచడం అదే మొదటిసారి.

"నీ మాట విని చేశాననుకుంటున్నావా? నమ్మి చేశాను. ఆర్నెల్లు ఆలోచించి, ఎవరు ఎవరితో అయితే బావుంటుందో చీటీలు అటూ ఇటూ మార్చుకుని, నమ్మి చేశాను. ఒక్కటే చెయ్యలేదు. వాళ్ళని కూర్చోబెట్టి అడగలేదు. చీటీలు జరిపాను గానీ మనుషుల్ని అడగలేదు. ఆ తప్పు నాది. దాన్ని కూడా నువ్వు లాక్కోకు."

ఆ పిల్ల పట్టిక మీది పెద్దబావ చీటీకేసి చూసింది.

"ఆ ఉదయం నేను షాఫ్టు దగ్గరే ఉన్నానక్కా. గుడ్ మార్నింగ్ మేడమ్ అన్నాడు. చెయ్యి జేబులో పెట్టుకుని ఉన్నాడు. చలేస్తోందా పెద్దబావా అని వేళాకోళం చేశాను. అవునమ్మా అన్నాడు."

అప్పుడు ఏడ్చింది. దగ్గరికి తీసుకోబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దక్కా. నువ్వు పట్టుకుంటే నేను మళ్ళీ డ్రాయింగులు గీసే పిల్లనైపోతాను."

బయటికొచ్చేశాను. మెట్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. వెనక్కి పిలుస్తుందేమోనని.

12వ తేదీ

పిలవలేదు.

13వ తేదీ, గురువారం

పెద్దబావ భార్య దగ్గరికి వెళ్ళాను. నేను ఆవిడని వదినా అంటాను. ఈ మూడు వారాల్లో ఎన్నిసార్లో వెళ్ళాను, ప్రతిసారీ పది మందితో. ఇవాళ ఒక్కదాన్నే.

నేను అడగాల్సింది ఒకటుంది. వేళ్ళ సంగతి కమిటీలో చెప్పకపోతే రసమట్టం ఒక్కతే దోషి. చెప్తే, జబ్బు దాచి పనిలోకొచ్చాడు, తప్పు చచ్చినవాడిదే అంటారు. చెప్పాలా వద్దా అన్నది నిర్ణయించడానికి నేనెవర్ని? ఈసారైనా అడగాలని వెళ్ళాను. వెళ్ళి అరగంట వేరే విషయాలు మాట్లాడాను.

ఆవిడే అంది. "చిన్నబావ వచ్చి వెళ్ళాడులే. నువ్వు దేనికొచ్చావో తెలుసు. చెప్పెయ్యి."

"ఆయన్నే అంటారు వదినా."

"అననీ. నాలుగేళ్ళు దాచాడు. చుట్టాలొస్తే గ్లాసు ఎడం చేత్తో పట్టుకునేవాడు, మర్యాద తెలీదని మా వాళ్ళే అనుకున్నారు. సంతకం పెట్టాల్సొస్తే కళ్ళజోడు మర్చిపోయానని వాయిదా వేసేవాడు. దాచీ దాచీ అలిసిపోయాడమ్మా ఆ మనిషి. పోయాక కూడా దాచమంటావా?"

ఆవిడే మళ్ళీ అడిగింది. "మీటింగులో నువ్వేదో అన్నావటగా."

"అన్నాను."

"ఇంటికొచ్చి చెప్పాడు. బాగా మాట్లాడింది, మన మీదే మాట్లాడింది అన్నాడు. నీ మీద కోపం పెట్టుకోలేదు. నాకుంది." లేచి లోపలికి వెళ్ళింది. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాను.

14వ తేదీ, శుక్రవారం

ఆఖరి సమావేశం. వేళ్ళ సంగతి చెప్పాను. కరపత్రం నాలుగు పేజీలూ బల్ల మీద పెట్టి, ఇది రాసింది నేను అన్నాను. గది నిశ్శబ్దమైపోతుందని అనుకున్నాను. నాలాంటివాళ్ళం ఎప్పుడూ అలాగే అనుకుంటాం. నవ్వుల ఆఫీసరు కరపత్రాన్ని రెండు వేళ్ళతో నా వైపుకి జరిపాడు.

"మీ నిజాయితీని గౌరవిస్తున్నాం మేడమ్. కానీ ఫారంలో దీనికి చోటు లేదు."

"వేళ్ళ సంగతో?"

"అది వైద్య విభాగం చూసుకుంటుంది. మనది వైఖరి వరకే. పదిహేడో ప్రశ్న చూడండి, సభ్యుల బలహీనతలను గుర్తించుట. మీరు చెప్పినదాన్ని బట్టి మేనేజరు గుర్తించలేదు కదా?"

అలా నేను చెప్పిన నిజంతోనే ఆ పిల్లకి ఇంకో ఒకటి వేశారు.

"బలహీనత కనిపిస్తే గెంటేసేది మీరు. కనిపించలేదని మార్కులు కోసేదీ మీరే. ఇంకెలా బతకాలయ్యా మనుషులు?"

ఇంజనీరు మొదటిసారి తలెత్తాడు. సంతకం పెట్టాడు. నేను పెట్టలేదు. ముగ్గురిలో ఇద్దరు చాలట.

సాయంత్రానికల్లా రసమట్టాన్ని తీసేశారు. "జట్టు నిర్మాణం పట్ల వైఖరి సంతృప్తికరంగా లేదు." గేటు దగ్గర పనివాళ్ళు ఏడుగురూ నిలబడ్డారు. నేనూ వెళ్ళాను, కొంచెం దూరంగా. చిన్నబావ ఆ పిల్ల సంచీ అందుకుని బస్సు దాకా మోశాడు. బస్సు కదిలాక కూడా అతను చాలాసేపు అక్కడే ఉన్నాడు.

నా వైపు ఒకసారి చూసింది. కోపం లేదు. ఉంటే బావుండేది, కోపానికి నా దగ్గర జవాబులుంటాయి.

15వ తేదీ, శనివారం

ఇవాళ ఇక వాదన రాయను. సోమవారం కంపెనీకీ మా యూనియన్‌కీ ఇచ్చే కాగితం ఇదే. ముందు ఇక్కడ రాసుకుంటున్నాను. విశేషణాలన్నీ కొట్టేశాను.

మా డిమాండ్లు:

1. అంచనా పత్రాన్ని రద్దు చెయ్యాలి.

2. మేనేజరుని తిరిగి పనిలోకి తీసుకోవాలి.

3. చెయ్యి, కన్ను, చెవి దెబ్బతిన్న ఏ పనివాడినీ ఇంటికి పంపకూడదు. కింద చేసే పని ఇవ్వాలి. ఈ మాట కాగితం మీద ఉండాలి.

4. పెద్దబావ వేళ్ళు నలిగింది కంపెనీ పనిలోనే. నివేదికలో ఆ వాక్యం రాయాలి.

5. చిన్నబావ మీద, రేడియో మీద ఏ చర్యా ఉండకూడదు.

6. పైకెక్కే ప్రతి మనిషి కొక్కేన్నీ ఇంకొక మనిషి చేత్తో తాకి చూడాలి. వయసు చూడొద్దు, అనుభవం చూడొద్దు, మొహమాటం వద్దు.

7. ఎవరు ఎవరితో జంటగా పనిచెయ్యాలో పనిచేసేవాళ్ళని అడగాలి. ఒక్కొక్కరిని విడిగా, తలుపు వేసి అడగాలి.

8. యూనియన్‌కి: "జంటల పెత్తనం" కరపత్రం రాసింది నేనని నోటీసు బోర్డులో పెట్టాలి. కార్యదర్శి పదవికి వేరే మనిషిని ఎన్నుకోవాలి.

9. సంతాప సభలో నేను మాట్లాడను. చిన్నబావ మాట్లాడాలి. ఎంతసేపు పట్టినా ఎవరూ గడియారం చూడకూడదు.